అయిదున్నర నిమిషాల ఖరీదు

లెక్కల మాస్టారికి ఊళ్ళో రెండు రకాల గౌరవం ఉంటుంది. పిల్లలు భయపడతారు, పెద్దలు నమ్ముతారు. ఆ భయం కాస్తా రిటైరైన మర్నాడే పోతుంది. నిన్నటిదాకా మనల్ని చూసి సైకిలు దిగినవాడు ఇవాళ బెల్లు కొట్టి పక్కకి తప్పుకోమంటాడు. నమ్మకం మాత్రం అలా కాదు. జుట్టు నెరిసిన కొద్దీ పెరుగుతుంది.

అందుచేత ఉయ్యూరులో నేను రిటైరయ్యానే గానీ మా ఇనప్పెట్టె రిటైరవలేదు. బేరం కుదిరి రిజిస్ట్రేషను కాని పొలం బయానా, అన్నదమ్ములు ఎటూ తేల్చుకోని తల్లి గొలుసు, ఒకరినొకరు నమ్మని వియ్యంకుల కట్నం (తప్పు, లాంఛనాలు అనాలి) అన్నీ అందులోకి వచ్చి, కొన్నాళ్ళు కాపురం చేసి వెళుతుంటాయి. "మాస్టారి దగ్గర ఉంచుదాం" అన్నది మా పేటలో సామెతయి కూర్చుంది. మా ఆవిడ మాత్రం, "బ్యాంకులో ఉంచితే వడ్డీ అన్నా ఇస్తారు. మనం పైన కాఫీ కూడా ఇచ్చి పంపుతున్నాం," అంటుంది.

ఆ నమ్మకాన్ని ఒక పెద్దమనిషి ఎలా పెట్టుబడి పెట్టుకున్నాడో చెబుదామని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, చెబితే నవ్వేవాళ్ళు వాణ్ణి చూసి నవ్వరు, నన్ను చూసి నవ్వుతారు.

2018లో సంగతి. ఒక సాయంత్రం ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఒకతను మా వెనక వీధి కౌలురైతు. రెండెకరాల చెరుకూ, ఎకరంన్నర మాగాణీ కౌలుకి చేసేవాడు. వాళ్ళ పెద్దబ్బాయి నేను లెక్కలు చెప్పిన ఆఖరి బ్యాచివాడు. రెండో ఆయన్ని అంతకు ముందు నేను చూడలేదు. మిలిటరీలో పనిచేసిన మనిషి కాదు గానీ మిలిటరీ రంగు చొక్కా తొడుక్కున్నాడు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు. కుర్చీలో కూడా అటెన్షన్‌లోనే కూర్చున్నాడు.

"మాస్టారూ, అబ్బాయి మిలిటరీ సెలక్షనుకి వెళుతున్నాడు," అని మొదలుపెట్టాడాయన. "లోపల మనవాళ్ళున్నారు. రెండు లక్షలవుతుంది. నాకు ఇప్పుడు పైసా వద్దు. డబ్బు మీ దగ్గరే ఉండనివ్వండి. అబ్బాయి నెంబరు లిస్టులో పడితేనే నాకివ్వండి. పడకపోతే వాళ్ళ డబ్బు వాళ్ళకి ఇచ్చెయ్యండి. ఈలోగా నేను మీ గడప తొక్కితే అడగండి!"

ఇంత ధర్మంగా మాట్లాడిన బ్రోకర్ని నా జన్మలో చూడలేదు. స్థలాల బ్రోకరు రెండు వైపులా తీసుకుంటాడు. పెళ్ళిళ్ళ పేరయ్య పెళ్ళయినా కాకపోయినా తీసుకుంటాడు. ఈయన పని కాకపోతే పైసా వద్దంటున్నాడు!

"ఇది లంచం కదటయ్యా?" అన్నాను, మాస్టారన్నాక ఏదో ఒకటి అనాలి గనక.

"లంచం కాదండీ, ఖర్చులు," అన్నాడాయన.

రైతు చేతులు నలుపుకుంటూ, "అందరూ ఇస్తున్నారంట మాస్టారూ. మనం ఒక్కళ్ళం ఇవ్వకపోతే పిల్లాడు వెనకబడిపోతాడు," అన్నాడు.

అదే ఏడు జూలైలో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించారు. పుచ్చుకున్నవాడికే కాక ఇచ్చినవాడికి కూడా ఏడేళ్ళ దాకా జైలు వెయ్యవచ్చునన్నారు. బలవంతం మీద ఇచ్చినవాడయితే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేసి బయటపడవచ్చు. ఆ వార్త నేను పేపర్లో చదివాను. చదివి, ఇచ్చేవాణ్ణీ కాదు, పుచ్చుకునేవాణ్ణీ కాదు, మధ్యలో దాచేవాణ్ణి గదా అని సరిపెట్టుకున్నాను. లెక్కల్లో దీన్ని గ్రేసు మార్కులతో పాసవడం అంటారు.

డబ్బు తెచ్చి ఇచ్చారు. మినుములు అమ్మినది కొంత, పాడిగేదెని అమ్మినది కొంత, తక్కింది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. అన్ని నోట్లూ ఒకే కవర్లో పెట్టాను గానీ, ఏ కట్ట ఎక్కణ్ణించి వచ్చిందో రైతు చెబుతూనే ఉన్నాడు. అబ్బాయి లోపలికి రాలేదు. గేటు బయట సైకిలు పట్టుకుని, చక్రం కేసి చూస్తూ నించున్నాడు.

ఆ పిల్లాడి పరుగు నేను రోజూ చూసేవాణ్ణి. రిటైరైనవాడికి నిద్ర తక్కువ. తెల్లారకట్ల పుల్లేరు గట్టు మీద నేను నడకకి వెళ్ళేసరికి వాడు అప్పటికే రెండు సార్లు వెళ్ళి వచ్చుండేవాడు. చలికాలం మంచులో మనిషి కనపడేవాడు కాదు, ఒగర్పు వినపడేది. పక్కన రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి బారులు తీరి ఉండేవి. మడ్డి వాసన ఊరంతా కమ్మేది. ఆ వాసనలో మామూలు మనిషి నడవడమే కష్టం, వాడు గుండెల నిండా పీల్చి పరిగెత్తేవాడు. మొదట ఉత్త కాళ్ళతో, తరవాత ఎవరో ఇచ్చిన పాత బూట్లతో. వీరమ్మ తల్లి తిరునాళ్ళ పదిహేను రోజులూ ఊరు ఊరంతా రాత్రిళ్ళు మేలుకుంటే, వాడు మాత్రం పెందరాళే పడుకుని నాలుగింటికి లేచాడని వాళ్ళమ్మ చెప్పుకునేది.

సెలక్షను ఎలా జరుగుతుందో వాడు వచ్చాక చెప్పాడు. మొదట పదహారు వందల మీటర్ల పరుగు. అయిదున్నర నిమిషాల లోపు వస్తే 60 మార్కులు. ఒక్క సెకను దాటి అయిదూ నలభైఅయిదు దాకా అయితే 48. ఆపైన వచ్చినవాడు ఇంటికే. తరవాత బీము. దూలం పట్టుకుని గడ్డం పైకి వచ్చేలా పది సార్లు లేస్తే 40 మార్కులు. ఆపైన తొమ్మిదడుగుల గుంట దూకాలి, వంకర్లు తిరిగిన సన్నటి దిమ్మె మీద పడకుండా నడవాలి. అవి మార్కుల కోసం కాదు, తప్పకుండా దాటవలసినవి. ఆ తరవాత డాక్టర్లు. వాళ్ళు సరేనంటే, కొన్నాళ్ళకి రాతపరీక్ష. మా వాడు పరుగులో మొదటి గుంపులో వచ్చాడు. బీము మీద పదీ లాగాడు.

లిస్టులో నెంబరు పడింది. మర్నాడే మిలిటరీ చొక్కా ఆయన బందరు లడ్డూ కిలో పట్టుకుని దిగాడు. కవరు తీసి, రైతు ఎదటే రెండు సార్లు లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన లెక్కపెట్టుకోలేదు. "మీ చేత్తో లెక్కపెట్టాక ఇంకేముంది మాస్టారూ," అన్నాడు. నేను పొంగిపోయాను కూడాను. మా ఆవిడ ఎందుకో ఆ లడ్డూ ముట్టుకోలేదు. షుగరు అంది. అప్పటికి ఆవిడకి షుగరు లేదు.

మరుసటి ఏడు పామర్రులో ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో నా పక్కన గుడివాడ వైపు నించి వచ్చిన రిటైర్డు సైన్సు మాస్టారు కూర్చున్నారు. మాటల్లో మాట వచ్చి ఆయన, "రోజులు మరీ అంత చెడిపోలేదండీ. మా ఊరికి ఒకాయన వస్తుంటాడు, మిలిటరీ చొక్కా వేసుకుని. పిల్లల ఉద్యోగాలకి డబ్బు నా దగ్గరే పెట్టించాడు. నలుగురికి కాలేదు. నాలుగు కవర్లూ వెనక్కి ఇచ్చెయ్యమన్నాడు. రూపాయి ముట్టుకుంటే ఒట్టు! నిజాయితీపరుడంటే అలా ఉండాలి," అన్నారు.

పప్పన్నం ముద్ద నా గొంతులో ఆగింది. ఆయన చెప్పిన నలుగురు, నాకు తెలిసి మా చుట్టుపక్కల మరికొందరు, అందరూ కలిసి పన్నెండు మంది తేలారు. అందులో తొమ్మిది మందికి డబ్బు వాపసు వచ్చింది. ముగ్గురికి ఉద్యోగం వచ్చింది. తలకి రెండు లక్షలు.

పన్నెండు మంది గట్టిగా తయారై పరిగెడితే ఎవరో ముగ్గురు ఎలాగూ నెగ్గుతారు. ఎవరు నెగ్గుతారో ఆయనకి తెలియనక్కర్లేదు. లోపల ఎవరినీ ఎరగనక్కర్లేదు. రిక్రూటింగ్ ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో కూడా తెలియనక్కర్లేదు. ఇంట్లో పడుకున్నా పని జరిగిపోతుంది. నెగ్గినవాళ్ళ డబ్బు తను తీసుకుంటాడు. ఓడినవాళ్ళకి "మనవాడు ఆ రోజు డ్యూటీలో లేడండీ" అని చెప్పి కవరు వాపసు ఇప్పిస్తాడు. ఓడినవాళ్ళే ఆయన నిజాయితీకి సాక్షులు! పెట్టుబడి ఒక చొక్కా, ఒక సెల్‌ఫోను. లాభం ఆరు లక్షలు. ఖర్చు కిలో లడ్డూ.

ముప్ఫయ్యారేళ్ళు లెక్కలు చెప్పాను. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంత, సంచీలోంచి ఎర్ర బంతి వచ్చే అవకాశం ఎంత అని నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు రాశానో! బొమ్మ పడినా బొరుసు పడినా నష్టం లేని పందెం ఒకటి మా వరండాలోనే ఆడితే, నేను మధ్యవర్తిగా కూర్చుని చూశాను.

ఇంకా ఆలోచిస్తే తల తిరిగింది. ఈ వ్యాపారం నడవాలంటే కావలసినవి రెండే. లోపల నిజాయితీ, బయట నమ్మకం. లోపల పరుగు సరిగ్గా కొలిచి, మార్కులు సరిగ్గా వేస్తేనే కొందరు పిల్లలు సొంతంగా నెగ్గుతారు. వాళ్ళు నెగ్గితేనే వీడికి గిట్టుబాటు. ఆ లోపలివాళ్ళెవరో ఎండలో నించుని న్యాయంగా పనిచేస్తుంటే, వీడు ఇక్కడ దాన్ని అన్యాయమని చెప్పి అమ్ముకుంటున్నాడు. ఇక బయట నమ్మకానికి నేనున్నాను, నా ఇనప్పెట్టె ఉంది.

పోలీసు స్టేషనుకి వెళ్ళి చెబుదామని ఒక రోజు బయల్దేరాను. అక్కడ జనం ఎక్కువగా ఉన్నారని తిరిగి వచ్చేశాను. జనం ఉన్న మాట నిజమే. అందుకే తిరిగి వచ్చానన్నది మాత్రం నిజం కాదు.

ఆ సిగ్గు మరిచిపోవడానికి పుస్తకాల్లో పడ్డాను. చదివిన కొద్దీ తెలిసిందేమిటంటే, సైన్యంలో మనుషుల్ని చేర్చుకోవడం మొదలైన నాటి నించీ అందులో వ్యాపారమూ ఉంది, దాన్ని పట్టుకునే ప్రయత్నమూ ఉంది. మొగలాయీల కాలంలో సర్దార్లు లేని సిపాయిల్ని లెక్కల్లో చూపించి జీతాలు కాజేసేవారట. అందుకని అక్బరు గుర్రాలకి వాత పెట్టించి, ప్రతి సిపాయి ముఖం గుర్తులూ చిట్టాలో రాయించాడు. అది చదివి నాకు నవ్వొచ్చింది. మన పదో తరగతి సర్టిఫికెట్టులో "ఎడమ చెంప మీద పుట్టుమచ్చ" అని రాసేది సరిగ్గా అందుకే గదా! ఎన్ని వందల మంది పిల్లల పుట్టుమచ్చలు వెతికి రాయించానో!

ఇంగ్లీషువాళ్ళది ఇంకా బాహాటం. వాళ్ళ సైన్యంలో ఆఫీసరు హోదాని దొరలు డబ్బు పెట్టి కొనుక్కునేవారు. దొంగచాటుగా కాదు, సర్కారు కట్టిన రేటు ఉండేది. మామూలు కాల్బలంలో అట్టడుగు ఆఫీసరు హోదా 450 పౌన్లు, లెఫ్టినెంట్ కల్నల్ 4,500. రేటు మీద పైన ముట్టజెప్పేది వేరే. 1871లో గానీ ఆ పద్ధతి తీసెయ్యలేదు. అయితే ఫిరంగి దళంలోనూ, ఇంజనీర్లలోనూ మాత్రం మొదటి నించీ కొనుగోలు లేదు. అక్కడ చదువు కావాలి, ముఖ్యంగా లెక్కలు కావాలి. డబ్బున్నవాడు గుర్రమెక్కి కత్తి దూయగలడు గానీ, గుండు ఎక్కడ పడుతుందో డబ్బు చెప్పలేదు గదా! ఇది చదివినప్పుడు, మా వాడు చేరింది ఫిరంగి దళమే, శిక్షణ హైదరాబాదు గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్లోనే అని గుర్తొచ్చి గర్వపడబోయాను. వెంటనే ఆ కవరు కూడా గుర్తొచ్చింది.

మొన్న సంక్రాంతికి వాడు సెలవు మీద వచ్చాడు. ఇప్పుడు లాన్స్ నాయక్. ఎక్కడ పనిచేస్తున్నాడో వాడు చెప్పడు, నేనడగను. మనిషి విశాలమయ్యాడు. కాళ్ళకి దణ్ణం పెట్టి, అరుగు మీద నా పక్కన కూర్చుని, జేబులోంచి లావుపాటి కవరు తీశాడు.

"మూడు లక్షలు మాస్టారూ. తమ్ముడి గురించి. నాన్న మీ దగ్గర ఉంచమన్నాడు."

నాకు చెమటలు పట్టాయి. "ఆయనే?" అన్నాను.

"ఆయనే. రేటు పెంచాడు."

ఇప్పుడు చేరేది అగ్నివీరులుగా. 2022లో పెట్టిన పద్ధతి ప్రకారం నాలుగేళ్ళు చేయాలి, ఆ తరవాత నూటికి పాతిక మందికి మించి అట్టిపెట్టుకోరు. అంటే ఉద్యోగం తగ్గింది, రేటు పెరిగింది. ధరలు పెరగడానికి సరుకుతో సంబంధం లేదని ఇంకోసారి రుజువైంది.

"ఒరేయ్, నువ్వు లోపల ఇన్నేళ్ళ నించీ ఉన్నావు గదా. అక్కడ డబ్బుతో పనులవుతాయని నీకనిపించిందా?" అని అడిగాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా అన్నాడు. "లేదు మాస్టారూ. అక్కడ మేమంతా ఒకటే. ఫైరింగులో గురి తప్పితే ఎవడికైనా తిట్లు ఒకటే. అందుకే నాకు మరీ కష్టంగా ఉండేది. వీళ్ళందరూ పరిగెత్తి వచ్చారు, డబ్బిచ్చి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అనిపించేది. మా సార్ బాగా చేశావని మెచ్చుకుంటే తల దించుకునేవాణ్ణి. ఒకసారి ఏదో కోర్సుకి నా పేరు రాస్తామంటే వద్దన్నాను. ఆ కోర్సుకి నిజంగా పాసైనవాడు వెళ్ళాలి గదా అని."

రెండు లక్షలు పోతే పోయాయి. ఆ గేదె పోతే పోయింది. కానీ పుల్లేరు గట్టు మీద, మంచులో, ఉత్త కాళ్ళతో వాడు సంపాదించుకున్న అయిదున్నర నిమిషాలున్నాయే, వాటిని కూడా ఆ చొక్కావాడు పట్టుకుపోయాడు. నేను లెక్కపెట్టి మరీ ఇచ్చాను.

లేచి లోపలికి వెళ్ళి పాత నోటుబుక్కూ పెన్సిలూ తెచ్చాను. పన్నెండు గీతలు గీశాను. తొమ్మిది కొట్టేశాను. మూడు మిగిల్చాను. పక్కన రెండు లక్షలు వేసి గుణించాను. పామర్రు పెళ్ళి సంగతి మొత్తం చెప్పాను. వాడు కవరు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"మరి పేపర్లలో పడిందిగా మాస్టారూ," అన్నాడు చివరికి. లెక్కలు నేర్పినవాడి శిష్యుడు గదా, వెంటనే ఒప్పుకోడు.

పడింది. అబద్ధమని నేననను. 2021 ఫిబ్రవరి 28న జరగవలసిన జవాన్ల రాతపరీక్ష, పేపరు బయటికి పొక్కిందని దేశమంతటా రద్దయింది. పుణెలో అరెస్టులు జరిగాయి, సైన్యంలో ఉన్నవాళ్ళూ అందులో పట్టుబడ్డారు. మరుసటి నెలలోనే సి.బి.ఐ. ఇంకో కేసు పెట్టింది. ఆఫీసర్ల ఎంపికలో వైద్యపరీక్ష దగ్గర ఆగిపోయినవాళ్ళని ఢిల్లీ బేస్ ఆస్పత్రిలో తిరిగి పరీక్ష చేసినప్పుడు గట్టెక్కించడానికి లంచాలు నడిచాయని ఆరోపణ. కేసు పెట్టింది 23 మంది మీద, వాళ్ళలో 17 మంది సైన్యంలోవాళ్ళు. 13 ఊళ్ళల్లో 30 చోట్ల సోదాలు చేశారు, మన విశాఖపట్నంతో సహా. ఆరోపణ వేరు, రుజువు వేరు. కానీ నిప్పు లేకుండా అంత పొగ రాదు.

"అయితే ఆ ఫిర్యాదు ఎవరిచ్చారో కూడా చదివావా?" అన్నాను. "బయటివాడు కాదు. సైన్యమే ఇచ్చింది. పరీక్ష రద్దు చేసుకుంది కూడా వాళ్ళే. ఇంట్లో దొంగ పడితే ఇల్లుగలవాడే కేకలు వేశాడన్నమాట. సైనిక చట్టంలోనే ఉంది, అధికారం లేకుండా ఎవరి దగ్గరయినా డబ్బు గుంజిన సైనికుడికి పదేళ్ళ దాకా శిక్ష వెయ్యవచ్చునని. 1950 నించీ ఉంది. దొంగలు లేరని కాదురా. నిజం దొంగ ఒకడు పేపర్లో పడితే, వాడి పేరు చెప్పుకుని మన వీధిలో పదిమంది బతుకుతారు. నీ దగ్గర తీసుకున్నవాడు ఆ రకం. వాడు లంచం కూడా ఎవరికీ ఇవ్వలేదు."

వాడు వింటున్నాడు. నేను వదల్లేదు. "నువ్వే చెప్పు. పరుగు మార్కులు ఎవరు వేశారు?"

"గడియారం."

"ఎంతమంది చూస్తుండగా?"

"మైదానం నిండా మనుషులు మాస్టారూ. ఛాతీ మీద నెంబరు."

"బీము మీద పది లాగావే, ఎవరైనా చెయ్యి వేసి నిన్ను పైకి తోశారా?"

వాడు నవ్వాడు. చిన్నప్పుడు లెక్క తేలినప్పుడు అలాగే నవ్వేవాడు.

"ఇంటర్వ్యూ ఉందా?"

"లేదండి."

"పరుగు, బీము కలిపి వంద. రాత వంద. రెండూ కూడి పైనించి కిందికి పేర్లు రాశారు. ఇందులో ఆయనగారి మనవాళ్ళు ఎక్కడ దూరారో నాకు చూపించు."

వాడు నోటుబుక్కు తన వైపు తిప్పుకుని ఆ పన్నెండు గీతల కేసి చాలాసేపు చూశాడు. కొట్టెయ్యకుండా మిగిలిన మూడింట్లో ఒక దాని మీద వేలు పెట్టాడు.

"అంటే, ఆ రోజు నేనే పరిగెత్తానా మాస్టారూ?"

ముప్ఫయ్యారేళ్ళ సర్వీసులో నన్ను ఎంతోమంది ఎన్నో ప్రశ్నలు అడిగారు. దీనికి జవాబు చెప్పడానికి నాకు గొంతు సహకరించలేదు. తల ఊపాను. వాడు కవరు జేబులో పెట్టేసుకుని, బనీను పైకి లాగి మొహం తుడుచుకున్నాడు. లోపల్నించి మా ఆవిడ కాఫీ తెచ్చింది. అంతా విందో ఏమో, ఒక మాటా అనకుండా గ్లాసులు పెట్టి వెళ్ళింది.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. కానీ అసలు బాకీ వాళ్ళ నాన్నకి గదా. మర్నాడు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. రైతుని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నా తప్పు కూడా చెప్పాను. ఆ రెండు లక్షలూ నా పెన్షనులోంచి నెలకి కొంత చొప్పున తీర్చుకుంటానన్నాను.

అతను కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. భయపడ్డాడు.

"అలా అనకండి మాస్టారూ. ఇచ్చిన డబ్బు ఇచ్చాం, వచ్చిన ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అది ఉత్తినే వచ్చేదేనని మీరంటే, ఆ గేదెని ఎందుకు అమ్మినట్టండీ?"

నేను జవాబు చెప్పలేకపోయాను. నోటుబుక్కు చేతిలోనే ఉంది గానీ తెరవలేదు. మిలిటరీ చొక్కా ఆయన ధైర్యం ఏమిటో అప్పుడు అర్థమయింది. మోసపోయామని ఒప్పుకోవడానికి మోసపోయినవాడు పెట్టవలసిన ఖర్చు, మోసానికైన ఖర్చుకన్నా ఎక్కువ. ఆ మాటకొస్తే, పోలీసు స్టేషను గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చిన నాకు ఇది ముందే తెలిసుండాలి.

ఆఖరికి పెద్దవాడే తండ్రికి నచ్చజెప్పాడు. డబ్బు అమ్మ పేరున బ్యాంకులో వేస్తాననీ, తమ్ముడికి పైసా కట్టేది లేదనీ చెప్పేశాడు. సెలవు అయ్యేలోగా వాణ్ణి వెంటబెట్టుకుని నేను స్టేషనుకి వెళ్ళి, నాకు తెలిసింది రాసి ఇచ్చాను. ఈసారీ జనం ఎక్కువగానే ఉన్నారు. బెంచీ మీద చోటు చూసుకుని కూర్చున్నాం. ఏమవుతుందో చూడాలి. రైతు ఇప్పటికీ నన్ను చూస్తే పలకరిస్తాడు గానీ, ఆ విషయం ఎత్తడు. మొన్న మా వెనక వీధిలో ఎవరో వియ్యంకులు లాంఛనాలు వేరే వాళ్ళింట్లో పెట్టుకున్నారట. మా ఆవిడకి ఆ మేరకు కాఫీపొడి మిగిలింది.

తమ్ముడు ఇప్పుడు గట్టు మీద పరిగెడుతున్నాడు. 2023 నించీ ముందు ఆన్‌లైన్ పరీక్ష పెట్టి, అందులో నెగ్గినవాళ్ళనే పరుగుకి పిలుస్తున్నారు. అందుకని సాయంత్రం లెక్కలు, తెల్లారకట్ల పరుగు, రెంటికీ మాస్టారు నేనే. స్కూల్లో ఆటల పోటీలకి వాడిన పాత స్టాపువాచీ ఒకటి మా పెట్టెలో దొరికింది. పదహారు వందల మీటర్లు టేపు పెట్టి కొలిచి, రెండు చివరలా గుర్తుగా కర్రలు పాతాను. ఇనప్పెట్టెలో డబ్బుండే అరలో ఇప్పుడు వీడి టైములు రాసే నోటుబుక్కు ఉంటోంది.

నిన్న అయిదూ ముప్ఫయినాలుగులో వచ్చాడు. వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒగరుస్తూ, "అయిదున్నర అని రాసుకోండి మాస్టారూ, రేపు ఎలాగూ వస్తుంది," అన్నాడు.

రేపటిది రేపు రాద్దామని చెప్పి, 5.34 అని రాశాను.